చెదలు తిన్న రెండో సగం

మొన్న కామారెడ్డిలో మా చెల్లెలింటికి పోతే, తొమ్మిదో తరగతి చదివే మేనకోడలు ఖాళీ సంచిని ఒక్క వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పుతూ ఎదురొచ్చింది. వాళ్ల బడిలో పుస్తకాలన్నీ తీసేసి, పలకంత ట్యాబు ఒకటి చేతికిచ్చారట. "సంచి బరువైతుందని బుక్కులు బందు వెట్టిండ్రు మామా" అని ఆ పిల్ల సంబరంగా చెబుతుంటే, చేట ముందర కూర్చుని బీడీలు చుడుతున్న మా చెల్లెలు తలెత్తి నా వంక చూసింది. ఆ చూపుకు నా నోట్లో చాయ్ చేదైపోయింది.

నా ఈడు వాళ్లకు నా సంగతి తెలుసు. పోచారం చెరువులో మొసలి నన్ను అగ్గిపెట్టె అడిగిందని చెప్పి, ఊరంతా నమ్మేదాకా వదలని నోరు నాది. ఇది మాత్రం, అబద్ధమైతే బాగుండునని నేనే ఎన్నోసార్లు మొక్కుకున్న నిజం.

ఎల్లారెడ్డి బడికి నడిచిపోయే రోజుల్లో, ఎద్దు కూడా మొరాయించేంత సంచి మోయలేక, పదో తరగతి సైన్సు పుస్తకాన్ని నడుమకు చీల్చి, వెనక సగాన్ని కొట్టం గోడ గూట్లో పెట్టాను. దాని అవసరం వచ్చేసరికి పక్కవాడి పుస్తకంతో గట్టెక్కాను గాని, గూట్లోది తీయాలన్న బుద్ధి పుట్టలేదు.

చెల్లెలిని అంతకుముందే బడి మాన్పించి అవ్వ పక్కన బీడీలకు కూర్చోబెట్టారు. కొన్నేండ్లకు, మా ఊరి అంగన్‌వాడీలో టీచరు కొలువుకు పది పాసైన ఆడపిల్ల కావాలని తెలిసి, ఆమె ప్రైవేటుగా పరీక్ష కట్టింది. పాఠాలింకా మారలేదు కాబట్టి నా పుస్తకాలే ఆమెకు దిక్కు. పుస్తకాన్ని చేట అంచుకు ఆనించి, చేతులకు తంబాకు ఉంటుంది గనుక మోచేత్తో పుటలు తిప్పుతూ చదివేది. ఒకనాడు సైన్సు పుస్తకం సగమే ఉంది, రెండో సగమేదని అడిగింది. నేను పోయి కొట్టం గూట్లో చెయ్యి పెడితే పిడికెడు చెదమన్ను వచ్చింది.

అప్పుడు నిజం చెప్పివుంటే, వేరే పుస్తకం వెతకడానికి రెండు నెలల గడువుండేది. కానీ నా నాలుక నా మాట ఎన్నడు విన్నది గనుక. "సర్కారోళ్లు సంచి బరువైతుందని సగం తీసేసిండ్రు, గంతే చదువు, సాలు" అన్నాను. రేపు కామారెడ్డి పోయి కొత్తది తెద్దామనుకున్నాను. ఆ రేపు రాలేదు. పది పాసైన అన్న మాట గదా, ఆమె నమ్మింది. ఉన్న సగాన్నే నోటికి వచ్చేదాకా చదివింది.

సైన్సు పరీక్షనాడు ఎల్లారెడ్డిలో బడి గేటు ముందర ఆడపిల్లలందరూ పుస్తకాల చివరి పుటలు తిరగేస్తున్నారు. చెల్లెలు ఒక పిల్ల పుస్తకంలోకి తొంగిచూసి, రాయిలా నిలబడిపోయింది. నేను పిచ్చివాడిలా ఒక్కొక్కరి కాళ్లావేళ్లా పడి, ఒక పుస్తకం సంపాదించి ఆమె ముందర తెరిచి పట్టుకున్నాను. ఆమె పుటను చూడలేదు, నన్ను చూసింది.

"సగం పోయిందని ఒక్క మాట జెప్తె నీ సొమ్మేం వోయిందన్నా?"

గంట కొట్టారు. ఆమె లోపలికి పోయింది. సైన్సు తప్పింది, కొలువు ఇంకొకరికి పోయింది. మళ్లీ కట్టమని నేనెంత బతిమాలినా, ఆమె చేట మీది నుంచి తలెత్తలేదు.

మొన్న ఆ ట్యాబును ఒళ్లో పెట్టించుకుని, "రెండో సగమున్నదా బిడ్డా?" అని కూతురిని అడిగింది. ఉన్నదని ఆ పిల్ల సైన్సు పుస్తకం తెరిచి, ఆడుకోవడానికి పోయింది. చెల్లెలు పుట తిప్పబోతే, ఇన్నేండ్ల తంబాకుకు అరిగి మొద్దుబారిన ఆ వేలిని ట్యాబు అద్దం గుర్తుపట్టలేదు. మూడుసార్లు రుద్దింది. కదల్లేదు.

"నువ్వు తిప్పన్నా" అంది.

సంచులు తేలికైనాయి. చెదలకు ఇక గూళ్లలో దొరికేదేమీ లేదు, ఆ అద్దాన్ని నడుమకు చీల్చే మొనగాడూ పుట్టలేదు. మా కాలంలో ఇది ఉండి ఉంటే అనుకుంటూ నేను ఒక్కొక్క పుటా తిప్పాను. చివరి పుట దాకా ఆమె అద్దం మీది నుంచి కళ్లు తిప్పలేదు. నాకు చెప్పడానికి ఒక్క కథైనా దొరకలేదు.