అమోసు కవరు

ఆ మధ్యాహ్నం ఆదినారాయణప్ప ఛాంపియన్ రైల్వే స్టేషన్ బెంచీ మీద ఎందుకు కూర్చుండిపోయాడు?

క్లారాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పోయాడు కాబట్టి ఇక తెలిసే దారీ లేదు. స్టేషన్ నుంచి ఆమె ఇంటికి పది నిమిషాల నడక. గని కార్మికుల రేకుల ఇళ్ళ లైన్లు రెండు దాటి, నీళ్ళ ట్యాంకు దగ్గర మళ్ళితే నాలుగో తలుపు. ఆ తలుపు వెనక ఆ రోజు ఆమె భర్త అమోసు శవపెట్టెలో పడుకుని ఉన్నాడు. పాస్టరయ్య రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

"ఇంకొంచెం సేపయ్యా, సారు వస్తారు" అంటూ క్లారా గంటసేపు పెట్టె మూయనివ్వలేదు. సారు రాలేదు.

ఆయన రాకపోవడమంటే ఏమిటో లైన్లలో బతికినవాళ్ళకే తెలుస్తుంది.

ఆదినారాయణప్ప గని కార్మికుల సొసైటీ బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు సెక్రటరీ. మధ్యలో రెండు దఫాలు నగరసభ మెంబరు. గౌనిపల్లి దగ్గర రాగులూ మామిళ్ళూ పండించే ఇంట్లో పుట్టాడు. గనిలోకి ఒకే ఒక్కసారి దిగి, కళ్ళు తిరిగి, పైకి వచ్చి, ఇక జన్మలో దిగనని ఒట్టు పెట్టుకున్నాడు. అయినా దిగేవాళ్ళ వేళలే ఆయన వేళలు. పొద్దున షిఫ్టు సైరన్ మోగకముందే బ్యాంకు తలుపులు తీయించేవాడు. మెంబరుగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళ ట్యాంకరు వచ్చిన చోటల్లా గొడుగేసుకుని నిలబడేవాడు.

"ఓటు నీకూ ఒకటే, ఆ కొసన నిలబడిన ముసలామెకూ ఒకటే. బిందె ఎనక్కి జరుపు" అనేవాడు. జరిపినవాళ్ళలో ఆయనకు ఓటేసినవాళ్ళు ఎందరో చెప్పలేం. మూడోసారి ఓడిపోయాడు.

కానీ ఆయన్ను లైన్లు తలుచుకునేది కవరు గురించి. బ్యాంకు సభ్యుడు చనిపోతే మట్టి ఖర్చుకు ఇంత అని ఇచ్చే నియమం ఉంది. దానికి సర్టిఫికెట్లూ సంతకాలూ కావాలి. ఆదినారాయణప్ప అవన్నీ తర్వాత చూసుకునేవాడు. శవం లేవకముందే కవరు ఇల్లు చేరాలి, అదీ తన చేత్తోనే చేరాలి. ఇంటి పెద్దావిడ చేతిలో పెట్టి, గోడవార నేల మీద కాసేపు కూర్చుని లేచేవాడు. చావింట్లో మంచినీళ్ళు కూడా ముట్టడు. 'పోయొస్తాను' అనడు. అంటే చావు మళ్ళీ ఆ గడప తొక్కుతుందని లైన్లలో హిందువులకూ కిరస్తానీలకూ ఒకటే భయం. ఇంటికి వెళ్ళి, పెరట్లో తల మీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి అడుగు పెట్టేవాడు.

కవర్ల మీద పేర్లు రాసేది బ్యాంకులో గుమాస్తాగా ఉన్న క్లారా. సాయంత్రం ఆమెతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఇంటిదాకా వచ్చి, కాఫీ తాగి వెళ్ళడం ఆయనకు అలవాటు. అమోసుకు ఆయన్ను చూస్తే నోరు ఊరుకోదు.

"నువ్వు మా లైనుకొస్తే కుక్కలు గూడా బయపడతాయి సారూ, ఇయ్యాళ ఎవురి పేరు రాసుకోనొచ్చినాడో అని."

"నీది కాదులేప్పా. కూర్చో."

"నా కవరు ఇప్పుడే ఇచ్చేయరాదా? సగం తాగేసి, సగంతో పోతాను."

"యాడికి పోతావు? నువ్వు పోయే దినం నేనే తెస్తాను. నీ పెట్టె మూసేలోపల తెస్తాను. మాటిస్తా ఉండాను, చాలా?"

"ఇన్నావా క్లారా? రాసిపెట్టుకో!" అని అమోసు పడీ పడీ నవ్వి, నవ్వు దగ్గులోకి తిరిగేసరికి గోడ పట్టుకున్నాడు.

గనులు మూసేసిన పదహారేళ్ళకు, రాతి దుమ్ముతో నిండిన ఊపిరితిత్తులు అమోసును తీసుకుపోయాయి. కవరు మర్నాడు బ్యాంకు అటెండరు తెచ్చాడు. క్లారా సంతకం పెట్టి తీసుకుని, విప్పి చూడకుండానే చర్చి కానుకల పెట్టెలో వేసింది.

పది రోజుల తర్వాత పనిలోకి వెళ్తే ఆయన తన బల్ల దగ్గర ఎప్పటిలాగే ఉన్నాడు. ఆ రోజు ఎందుకు రాలేదో చెప్పలేదు. ఆమె అడగలేదు. రెండు బల్లల మధ్య నాలుగు అడుగుల దూరం. కొన్ని నెలలకు స్టేషన్‌లో పనిచేసే మారప్ప అన్నాడు: "ఆ దినం మీ సారు చేతిసంచి ఒళ్ళో పెట్టుకోని మా బెంచీ మీదనే ఉన్నాడమ్మా. రెండు రైళ్ళు పోయినాయి. లేవనే లేదు." ఆ మాట విన్నాక ఆమెకు అడగడం ఇంకా కష్టమైంది. 'నమస్తే సార్' తప్ప వాళ్ళ మధ్య మరో మాట మిగలలేదు. ఏడాదికి ఆయన రిటైరై బంగారుపేటకు మారిపోయాడు.

ఏడేళ్ళకు, ఈ ఎండాకాలం, అమ్మవారి కరగ పండక్కి ముందు మంగళవారం ఆయన ఆమె తలుపు ముందు నిలబడ్డాడు. ఆమె కాఫీ పెట్టి ఇచ్చింది. ఆయన ముట్టలేదు. అన్నేళ్ళు తాగినవాడు! ఆయన వెళ్ళాక ఆ కాఫీని మోరీలో పారబోసి, "ఇప్పుడు చేదైందేమో మా ఇంటి కాఫీ" అని అమోసు ఫోటోతో చెప్పింది.

ఇరవై రోజులకు ఆయన పోయాడని ఫోన్‌లో మెసేజి వచ్చింది. మధ్యాహ్నం రెండింటికి ఎత్తుతారని కూడా ఉంది. క్లారా తెల్లచీర కట్టుకుంది. చేతిసంచి తీసుకుంది. మంచం మీద కూర్చుంది. రెండైంది, మూడైంది. ఎందుకు లేవలేదో ఆమెకే తెలియదు.

నాలుగో రోజు బంగారుపేట వెళ్ళింది. ఆయన భార్య పుష్పావతి వరండాలో చాప మీద ఉంది.

"ఇప్పుడొచ్చినావా క్లారమ్మా?"

"ఇప్పుడొచ్చినానమ్మా." క్లారా చెప్పులు విప్పి చాప కొసన కూర్చుంది.

"రానీలే. ఆ మనిషికి నీ రాత అంటే ప్రాణం. అచ్చు గుద్దినట్ట ఉంటాది అనేవాడు. ఇంగ వేరే మాట యాడ వస్తాది ఆయన నోట్లోంచి? వస్తే ముత్యాలు రాలిపోవా?" పుష్పావతి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కడాకి బుద్ధి గూడా తప్పిందమ్మా. కరగకు ముందు మంగళారం, ఇస్త్రీ చొక్కా ఏసుకోని బయల్దేరినాడు. యాడికి ఈ ఎండలో అంటే, చావింటికి అన్నాడు. ఎవురు పోయినారంటే పలకలా. మూడింటికి వచ్చి, ఇంట్లోకి రాకుండా పెరట్లోకి పోయి, రెండు బక్కెట్లు తలమీద పోసుకున్నాడు. ఆ నీళ్ళకే జొరం పట్టింది. ఇంగ లేవలా. ఎవురి చావమ్మా అది? నీకేమన్నా తెలుసునా?"

ఆ వారం లైన్లలో ఎవరూ పోలేదు. క్లారాకు ఆ సంగతి బాగా తెలుసు. ఆ మంగళవారం ఆయన వచ్చింది ఎవరింటికో కూడా తెలుసు.

"తెలుసునమ్మా" అంది. ఎవరని పుష్పావతి మళ్ళీ అడగలేదు. లేచేటప్పుడు క్లారా 'పోయొస్తాను' అనకుండానే మెట్లు దిగింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా బయట ఏమీ కనబడలేదు. ఆ మంగళవారమే కనబడింది. ఆమె కుర్చీ లాగి వేస్తే ఆయన చేత్తోనే వద్దన్నాడు. మోకాళ్ళు పట్టేసిన మనిషి. గోడ పట్టుకుని, ఒక్కో కాలే మడుచుకుంటూ నేల మీద కూర్చున్నాడు. అమోసు పెట్టె ఉంచిన చోటు ఆయనకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఆ ఖాళీ నేలనే చూస్తూ ఉన్నాడు. పక్కన కాఫీ మీద మీగడ కట్టింది. చాలాసేపటికి మళ్ళీ గోడ పట్టుకుని లేచాడు. ఆమె చేతులు కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది, ఒక్క మాటైనా, కనీసం 'పోయొస్తాను' అనైనా అంటాడేమోనని. ఆయన చెప్పులు వేసుకున్నాడు. గొడుగు విప్పాడు. ట్యాంకు దగ్గర మలుపు తిరిగి, స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.