కడగని గేదె ఫొటో

ఎనభయ్యారు వరద ఇంకా తగ్గకముందే సూర్యకళ పట్టిసీమ రేవుకు వెళ్లింది. అప్పట్లో ఆమె పాలకొల్లులో చంద్రరావుగారి ఫొటో స్టూడియోలో డార్క్‌రూమ్ పని చేసేది. ఆయన్నడిగి కెమెరా పట్టుకెళ్లి, మెడలోతు నీళ్లలో గేదె కొమ్ము పట్టుకుని ఒడ్డుకొస్తున్న ముసలమ్మను ఫొటో తీసింది. డెవలప్ చేసి చూస్తే ముసలమ్మ కళ్లలోనూ గేదె కళ్లలోనూ ఒకటే మొండితనం.

ఆ రోజుల్లో నెగెటివ్ మూలన ఇండియన్ ఇంకుతో ఫొటో తీసినవాళ్ల పేరు తిరగేసి రాసేవారు. ప్రింటులో అది తెల్లగా, తిన్నగా పడేది. స్టూడియోలో ఆ రాత పని సూర్యకళదే.

“దీనిమీద నా పేరు రాసెయ్యి,” అన్నాడు చంద్రరావు.

“తీసింది నేను కదండీ.”

“కెమెరా నాది, ఫిల్ము నాది. ఆఖరికి గేదె కూడా నీది కాదు. ఫొటో నీదెలా అవుద్ది?”

స్టూడియోలో ఉన్నవాళ్లంతా నవ్వారు. సూర్యకళ ఆయన పేరు తన చేత్తోనే రాసింది.

ఆ ఫొటోకి బహుమతులొచ్చాయి. సూర్యకళ పని మానేసి, ఇంటి వెనక వంటగదిని డార్క్‌రూమ్ చేసుకుంది. రైస్‌మిల్లు కూలీలను, గోదారి పడవలను, రొయ్యల చెరువుల కాపలావాళ్లను ఫిల్ము మీదే తీసింది. డిజిటల్ వచ్చినా మారలేదు. ఆమె ఫొటోలు పెద్ద ఊళ్లలో గోడలెక్కాయి. అయినా ఎక్కడికెళ్లినా ఒకటే పలకరింపు: “గేదె ఫొటో చంద్రరావుగారి ఊరేనా మీది?”

రెండేళ్ల కిందట చంద్రరావే ఆమె గుమ్మం ఎక్కాడు. రాజమండ్రిలో ఆయన ఫొటోల ప్రదర్శన. చేత్తో వేసిన ప్రింట్లే కావాలన్నారట. ఆయన డార్క్‌రూమ్ ఎప్పుడో మూసేశాడు, చేతులు వణుకుతున్నాయి.

“వేస్తానండి. గేదె ఫొటోకి మాత్రం నా పేరుండాలి.”

“ఇంకా అక్కడే ఉన్నావా? ఈ వయసులో పేరేం చేసుకుంటావమ్మా, పప్పులో వేసుకుంటావా?”

సూర్యకళ ఆయన తెచ్చిన నెగెటివ్‌లు అందుకుంది. ప్రింట్లు వేసింది. నలుపు కాటుకలా, నీళ్ల మీద వెలుగు పాలమీగడలా వచ్చాయి. మిగతావన్నీ పద్ధతిగా కడిగింది. గేదె ప్రింట్లను మాత్రం హైపో మందులోంచి తీసి, ఒక్కసారి నీళ్లలో ముంచి ఆరేసింది. ఆ మందు పోవాలంటే పారే నీళ్లలో గంటసేపు నానాలి. పోకపోతే మొదట్లో ఏమీ కనబడదు. తర్వాత బొమ్మను లోపల్నుంచే తినేస్తుంది.

చెడ్డ పనే. పని తెలిసినవాళ్లెవరూ చెయ్యరు. ఆమె తెలిసే చేసింది.

ప్రదర్శనలో చంద్రరావుకు శాలువా కప్పారు. సూర్యకళ వెనక వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. గేదె ప్రింట్లు అమ్ముడై భీమవరం పెద్దల హాళ్లకు చేరాయి. రెండు వర్షాకాలాల ఉక్కకి ముసలమ్మ ముఖం పసుపెక్కింది, గేదె మట్టిలో కలిసిపోయింది. కొన్నవాళ్లు ఒక్కొక్కరే చంద్రరావు ఇంటికి తిరగ్గొట్టారు.

కొత్త ప్రింట్ల కోసం ఆయన నెగెటివ్ పట్టుకుని మళ్లీ వచ్చాడు. “ఏంటి సూర్యకళా, ఎంత పని చేశావ్? ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నాను.”

“అలవాటైపోద్దండి. నాకవ్వలేదూ?”

ఆయన నెగెటివ్ బల్ల మీద పెట్టాడు. ఆమె తడి దూదితో మూలనున్న పేరు తుడిచేసింది. ఆయన చూస్తుండగానే తన పేరు తిరగేసి రాసింది.

“కొత్త ప్రింట్లు వేస్తాను. కొన్నవాళ్లకు మీరే ఇవ్వాలి. ఎవరు తీశారో మీ నోటితోనే చెప్పాలి.”

చంద్రరావు నేలకేసి చూస్తూ “సరే,” అన్నాడు.

సూర్యకళ ప్రింటు వేసి, హైపోలోంచి తీసి పెరట్లో తొట్టిలో వేసింది. కుళాయి తిప్పి, ఆయన ముందుకు పీట జరిపింది.

“కడగండి.”

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. నీళ్లలో ముసలమ్మ, గేదె, మూలన తెల్లగా ‘సూర్యకళ’. వణికే చేతులతో తిప్పి తిప్పి కడిగాడు.

“చాలా?”

ఆమె గడప మీద కూర్చుని కాఫీ తాగుతోంది.

“ఇంకా ఉందండి. కడగండి.”