మా వియ్యంకుడు ‘ఔ’ చేర్చిన రోజు

మా వియ్యంకుడు పోయాడు. నాంపల్లి కోర్టు ముందు కూర్చుని ఎవరిదో అఫిడవిట్ టైపు కొడుతుంటే మనవరాలు ఫోన్ చేసింది. “తాతయ్యా, తాత...” అని ఆగిపోయింది. నన్ను తాతయ్య అంటుంది, ఆయన్ని తాత అంటుంది. మిగతాది చెప్పాల్సిన పని లేకపోయింది. కాగితం మిషన్‌లోనే వదిలేసి అబిడ్స్ దాకా నడిచాను. ఆటో ఎక్కొచ్చన్న ధ్యాసే రాలేదు.

ఆయన బషీర్‌బాగ్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నేను బడి మధ్యలో ఎగ్గొట్టిన టైపిస్టును. నా బిడ్డను ఆయన కొడుక్కి ఇచ్చాక మాకిద్దరికీ ఒకర్నొకరు ఏడిపించుకునే పని దొరికింది. ఆయనకు ఏదైనా ముందు అదేమిటో చెప్పాలి. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తిందామని తీసుకుపోతే, “దీంట్ల సీతాఫలం ఉన్నదా, వాసనేనా? ముందు చెప్పు, తర్వాత తింట” అని దుకాణంవాణ్ని నిలదీసేవాడు. నేను ఆయన కప్పు కూడా తినేసేవాణ్ని.

మా ఇద్దరి మనవరాలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. ఓ ఆదివారం వాళ్లింట్లో అన్నం తింటుంటే తాతా మనవరాలు కొట్లాటకు దిగారు. “నేను మటుకు స్టాటిక్ టైపింగ్ వదల” అన్నాడు మా వియ్యంకుడు.

నాకు మండింది. “ఏంది బావా, నా పొట్ట మీద కొడ్తవా? కదలకుండ కూసుని టైపు కొట్టుడు నా పని గద!”

ఆయనకు నవ్వీ నవ్వీ మజ్జిగ పొలమారింది. కళ్లద్దాలు లుంగీ అంచుతో తుడుచుకుని, పోపులడబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. “గిది చూడు బావా. ఏ గిన్నెల ఏముండాల్నో ముందే చెప్పి పెడ్తం. ఆవాల గిన్నెల చక్కెర పోస్తే, పొయ్యి ముట్టియ్యక ముందే కంప్యూటర్ తప్పని చెప్తది. గదే స్టాటిక్ టైపింగ్.”

“మాది ఎజైల్ తాతయ్యా” అంది మనవరాలు. “ముందు జర చాయ్ పెట్టి తాగిపిస్తం. చక్కెర తక్కువైందంటే మల్ల వేస్తం. అడుక్కుంట, మార్చుకుంట పోతం.”

“మీది ఆఫీసా, ఇరానీ హోటలా?” అన్నాను.

“రెండిటికి పోటీ లేదు బావా. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి” అని ఆయన నా చెవిలో అన్నాడు. “గని ఈ పిల్లతోని కొట్లాడకుంటే నాకు అన్నం అరగదు.”

తర్వాత ఆయన గుండె మొరాయించింది. ఆయన ఫికరంతా మా వియ్యపురాలి గురించే. ఆమెకు చూపు మందగించింది. వేసుకున్న మందు గోలీ మళ్లీ వేసుకుంటుంది. అందుకే పొద్దూమాపూ ఆయనే ఇచ్చేవాడు. తను పోయాక ఆ పని ఫోనే చూసుకోవాలని, గోలీల వేళ చెప్పే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. వారాలు గడిచినా గోలీల రకాలు, మోతాదులు రాస్తూనే ఉన్నాడు.

“నానమ్మ చేతికి ఎప్పుడిస్తవ్ తాతా?” అంది మనవరాలు.

“తప్పు గోలీ చెప్తే? అది ఆటనా?”

“నీ దగ్గర టైం ఎంతున్నది తాతా?”

అనేసి చేత్తో నోరు మూసుకుంది. కళ్లనిండా నీళ్లు. ఆయన ఆమె తల నిమిరి, “ఒక్క పొద్దటి గోలీతోనే షురూ చేద్దాం బిడ్డా” అన్నాడు.

మర్నాడే ఫోన్ మా వియ్యపురాలి పక్కన పెట్టారు. నేను ముందు ‘ఎన్ని గోలీలు’ అన్నచోట ‘నీ ఇష్టం’ అని కొట్టి చూశాను. తీసుకోలేదు, అంకె కావాలంది. మా వియ్యంకుడు మీసం దువ్వాడు. తర్వాత “గోలీ వేసుకున్నారా?” అని ఫోన్ అడిగింది.

“ఔ” అంది, అప్పుడే గోలీ మింగిన మా వియ్యపురాలు.

ఫోన్ మళ్లీ అడిగింది. “ఔ” అంది. మళ్లీ అడిగింది. “ఇన్నిసార్లు అడుగుతున్నదంటే నేనే మర్సిన్నేమో” అని ఆమె ఇంకో గోలీకి చెయ్యి చాచింది. మనవరాలు గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది.

సంగతేమిటంటే, జవాబు ‘అవును’ కావాలి, లేకపోతే ‘లేదు’. ఇంకేం చెప్పినా చెల్లదని మా వియ్యంకుడు ముందే రాసిపెట్టాడు.

“నీతోని ఇన్నేండ్ల సంసారంల నానమ్మ ఎన్నడన్న ‘అవును’ అన్నదా తాతా?” అంది మనవరాలు.

ఆయన మొహం తెల్లబోయింది. ఫోన్ తీసుకుని, చెల్లే జవాబుల్లో తనే ‘ఔ’ చేర్చాడు. “రేపు ఇంకేదన్న అంటే రేపు చేరుద్దాం” అన్నాడు.

“తాతా, నువ్వు గూడ ఎజైల్ అయినవ్!”

“నోర్ముయ్. ఏమేం అనొచ్చో ముందే చెప్పిన. స్టాటికే.”

రోజుకొకటి చొప్పున మిగతా గోలీలు ఫోన్‌లో చేరాయి. చేరిన ప్రతిదాన్నీ తాతా మనవరాలు మా వియ్యపురాలి పక్కన కూర్చుని చూసేవారు. ఆయన దవాఖానకు పోయేనాటికి ఆఖరి గోలీ కూడా చేరింది. “ఇగ ఫికర్ లేదు బావా” అన్నాడు, స్ట్రెచర్ మీదినుంచి.

ఆయన్ని సాగనంపిన మర్నాడు ఇంటినిండా చుట్టాలు. పొద్దటి గోలీ వేళైందని ఫోన్ చెప్పింది. ఏడుస్తున్నవాళ్లు కూడా ఆగారు. మా వియ్యపురాలు గోడ పట్టుకుని లేచింది. ఎవరి చెయ్యీ అందుకోలేదు. ఇన్నేళ్లూ ఆయన అందించిన గోలీని తడుముకుంటూ తనే తీసి నోట్లో వేసుకుని, స్టీలు గ్లాసు ఎత్తింది. నీళ్లు అయిపోయాయి. అయినా ఆమె గ్లాసు దించలేదు. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, అట్లాగే నిలబడింది.