రెండో తుమ్ము

కాంపౌండర్ అంటే కాంపౌండుకు కాపలా కాసేవాడని మా నాయనకు చివరిదాకా ఒక నమ్మకం. మిషను ఆసుపత్రిలో నాకు పని దొరికిందని చెప్పినప్పుడు ఆయన మొదట అడిగిన మాట, "కట్టె వాళ్ళే ఇస్తారా, మనమే తీసకపోవాల్నా?" అని. మందులు నూరడం, కలపడం, సీసాలకు పొయ్యడం నా పని అని ఎంత చెప్పినా ఆయన చెవికి ఎక్కలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన మాటలోనూ కొంత నిజం ఉంది. నా వయసంతా ఆ కాంపౌండు దాటకుండానే గడిచిపోయింది.

మా ఆసుపత్రి మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే బాట పక్కన ఉండేది. రెండు పెద్ద గదులు, ముందు వసారా, వెనక మందుల గది. మెట్లకు వేసింది పలకల గనిలో పనికిరాదని పారేసిన రాయి. ఎండలో కాలు పెడితే రోగం సగం అక్కడే వదిలేది. అప్పట్లో ఈ తాలూకాలు కర్నూలు జిల్లా కింద ఉండేవి. కర్నూలు మదరాసు కింద ఉండేది. మేమందరం మా డాక్టరు దొరసాని కింద ఉండేవాళ్ళం.

ఆమె సముద్రాలు దాటి వచ్చిన మనిషి. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నది. "అవ్వా, నాలుకను వెలుపలికి చాపుడు" అనేది. గొర్రెలు కాసుకునే ముసలివాళ్ళు పురాణం మొదలైందనుకొని చేతులు జోడించి నిలబడేవాళ్ళు. నాలుక సంగతి పక్కనుంచి నేను చెప్పాల్సి వచ్చేది. కానీ ఆమె చేతికి వ్యాకరణంతో పని లేదు. ఆ చేతి మీద రాచర్ల నుంచి హనుమంతునిపాడు దాకా అందరికీ గురి.

అంతే గురి లేనిది నా ముక్కు. దగ్గు మందులో కలపడానికి ఇపికాక్ అనే వేరు పొడి ఒకటి మదరాసు నుంచి రైల్లో వచ్చేది. దాని డబ్బా మూత తీస్తే చాలు, తుమ్ము వచ్చేది. అదీ చిన్నా చితకా తుమ్ము కాదు. వార్డులో నిద్రపోయే రోగులు లేచి కూర్చునేవాళ్ళు. మందుతో లేవనివాళ్ళను కూడా తుమ్ముతో లేపిన ఘనత నాది.

తుమ్ముతో చిక్కల్లా అది ఒంటిగా రావడమే. మా వైపు జనానికి పయనం మీద ఉండగా ఒంటి తుమ్ము వినబడితే కాలు ముందుకు పడదు. వెంటనే రెండోది తోడు వస్తే ఏ దోషమూ లేదు, పోవచ్చు. నా ముక్కుకు ఆ తోడు తెచ్చుకునే అలవాటు లేదు. ఒక్కటి తుమ్మి ఊరుకునేది. మెట్ల దాకా వచ్చిన బండ్లు అట్లా వెనక్కి తిరిగిపోవడం చూశాక, మా ముసలి ఆయా ఒక ఏర్పాటు చేసింది. గేటులోకి బండి గానీ మంచం గానీ మళ్ళగానే ఆమె బకెట్టు మీద గరిటెతో కొట్టేది. ఆ చప్పుడు వింటే నేను పొడి డబ్బా మూసి, వాళ్ళు గడప దాటేదాకా ముక్కు పట్టుకునేవాణ్ణి. దొరసానికి ఈ సంగతి తెలియదు. రోగులు వచ్చారని ఆయా తనకు తెలియజేస్తోందనుకొని, "మిక్కిలి చక్కని పద్ధతి" అని మెచ్చుకునేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆయా బకెట్టు తీసుకొని నీళ్ళకు బావి దగ్గరికి పోయింది. గరిటె గోడకు ఊరికే వేలాడుతోంది. నేను పొడి నూరుతున్నాను.

రాచర్ల పక్క పల్లె నుంచి నలుగురు మగవాళ్ళు నులక మంచాన్ని బొంగులకు కట్టి మోసుకొచ్చారు. మంచం మీద నిండు చూలాలు. నొప్పులు మొదలై ఒక రాత్రి, ఒక పగలు దాటిందట. వెనకాల ఆమె అత్త, భుజాన నల్ల గొంగడి వేసుకొని పరుగులాంటి నడకతో వస్తోంది. ముందు బొంగు మోస్తున్నది మొగుడు. అతని కాలు మొదటి మెట్టు మీద పడిందో లేదో, నేను తుమ్మాను.

"ఆగండ్రా!" అంది అత్త. "దించండి మంచం."

మంచం వేపచెట్టు నీడలో దిగింది. నేను చేతిలో నూరే బండతో సహా బయటికి వచ్చాను. ఆమె నా మొహం వంక కాదు, ముక్కు వంక చూసింది.

"తుమ్మింది నువ్వేనా నాయనా?"

"నేనే అవ్వా. అది మందు తుమ్ము. శకునం తుమ్ము కాదు."

"తుమ్ముకు ఏంది, మందని రాసిపెట్టుంటాదా?"

"అమ్మా, ఇంత దూరం మోసుకొచ్చినాం గదా," అన్నాడు మొగుడు.

"నువ్వుండు," అందామె. తర్వాత నాకు చెప్పింది, కోపంగా కాదు, నెమ్మదిగా. "పెద్ద కోడలిని గిద్దలూరు తీసకపోయేటప్పుడు ఇట్లనే ఒంటి తుమ్ము తుమ్మినారు. ఏం గాదులే అని దాటించినాను. మనిషి తిరిగి రాలేదు. ఈ బిడ్డను నా చేతుల్తో నేను దాటించలేను అబ్బయ్యా."

ఈలోగా దొరసాని వచ్చింది. ఎవరినీ ఏమీ అడగకుండా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చొని కడుపు మీద చెయ్యి పెట్టింది, గొట్టం ఆనించి విన్నది. లేచి నాతో మెల్లగా చెప్పింది. బిడ్డ అడ్డం తిరిగి ఉంది. గుండె ఇంకా కొట్టుకుంటోంది, కానీ తగ్గుతోంది. ఇప్పుడే లోపలికి తీసుకుపోయి బిడ్డను తిప్పితే ఇద్దరూ దక్కుతారు. పొద్దు వాలేదాకా ఆగితే ఇద్దరూ దక్కరు. ఆ తర్వాత అత్త వైపు తిరిగి, "తల్లీ, కాలాతీతమగుచున్నది. శకునములు వట్టి భ్రాంతి" అంది.

"ఏందంటది?" అని అత్త నన్ను అడిగింది.

"తొందరపడమంటోంది."

"నాకు మాత్రం తొందర లేదా? రెండోది తుమ్మమను. ఇప్పుడే ఎత్తుతాను మంచం."

ఇంత సులువైన వైద్యం నా అనుభవంలో మరొకటి లేదు. కావలసింది ఒక తుమ్ము. నేను లోపలికి పరిగెత్తి పొడి డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టుకున్నాను. ఏమీ రాలేదు. ఇంకాస్త పీల్చాను. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, దగ్గు వచ్చింది, ఆఖరికి ఎక్కిళ్ళు కూడా వచ్చాయి. తుమ్ము మాత్రం రాలేదు. బయటికి వచ్చి సూర్యుడి వంక చూశాను. మోత పట్టిన ఒకాయన నశ్యం ఇస్తే అదీ ఎక్కించాను. ఏళ్ళ తరబడి అడగకుండా పనిచేసిన ముక్కు, అడిగిన రోజున సమ్మె చేసింది.

మంచం మీద పిల్ల మూలిగింది. మొగుడు నా చెయ్యి పట్టుకొని, "అన్నా, ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి" అన్నాడు. నా బుర్రకు తోచిన ఉపాయం నేను చేశాను. వెనక్కి తిరిగి, భుజాలు ఎగరేసి, "హాచ్చి!" అన్నాను.

అత్త కదలలేదు. "నేను పుట్టింది గొర్రెల్లో, పెరిగింది గొర్రెల్లో. తెల్లారి లేస్తే తుమ్ములే ఇనేది. మా పొట్టేలు కూడా ఇంతకంటే నిజంగా తుమ్ముతాది. దొంగ తుమ్ము దేనికి నాయనా, ప్రాణం మీదికి తెచ్చుకొనేదానికా?"

మోత పట్టినవాళ్ళు అంత బాధలోనూ నవ్వారు. దొరసానికి ఏమీ అర్థం కాలేదు. నన్ను పక్కకు పిలిచి అడిగింది. బకెట్టు సంగతితో సహా చెప్పేశాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. నా ముక్కును, మందుల గదిని, ఆ మంచాన్ని వరసగా చూసి, "అయినచో తుమ్ముడు. త్వరగా తుమ్ముడు" అంది. డాక్టరు నాకు ఇచ్చిన ఆజ్ఞల్లో నేను పాటించలేకపోయింది అదొక్కటే.

అప్పుడు అత్త లేచింది. కోడలి తల నిమిరి, నా దగ్గరికి వచ్చింది. ఆమె కళ్ళలో భయం ఉంది గానీ మొండితనం లేదు. గడప దాటాలని మా అందరికంటే ఆమెకే ఎక్కువగా ఉందని నాకు అప్పుడు తెలిసింది. తన మనసు ఒప్పుకునే దారి ఒకటి కావాలి, అంతే. భుజం మీది గొంగడి తీసింది. ఎన్ని మందలతో తిరిగిన గొంగడో, ఎన్ని వానలకు తడిసి ఎన్ని ఎండలకు ఎండిందో, అందులో గొర్రె బొచ్చు, దుమ్ము, ఎండుగడ్డి అన్నీ ఉన్నాయి.

"కండ్లు మూసుకో అబ్బయ్యా," అని నా మొహం ముందర దాన్ని రెండు చేతులతో దులిపింది.

నేను తుమ్మాను. వేపచెట్టు మీది కాకులు లేచిపోయాయి.

"ఇదీ తుమ్మంటే! నూరేండ్లు బతుకు నాయనా! ఎత్తండిరా మంచం!"

నలుగురూ ఒక్క ఊపున ఎత్తారు. నా కష్టం అప్పుడే మొదలైంది. గొంగడి పని గొంగడి చేస్తూనే ఉంది, మూడోది బయలుదేరింది. మూడోది బయటపడితే దానికి మళ్ళీ తోడు కావాలి. నేను రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకొని, కళ్ళు తేలేసి, మంచం వెంట నడిచాను. మెట్లు ఎక్కారు. వసారా దాటారు. గడప దాటారు. మూడో తుమ్ము నా తలలోనే ఎక్కడో తిరిగి తిరిగి, లోపల నేను పిల్ల మొహం మీది గుడ్డపై క్లోరోఫారం చుక్కలు వేస్తున్నప్పుడు ఆ వాసనకు మొద్దుబారి ఆగిపోయింది.

దొరసాని చెయ్యి తన పని చేసింది. బిడ్డ తిరిగింది. నీలంగా, మెత్తగా బయటికి వచ్చి, వీపు మీద రెండు దెబ్బలు తిని ఏడ్చింది. మగబిడ్డ. తల్లి కళ్ళు తెరిచేసరికి అత్త పక్కనే ఉంది. ఏడ్పు ఆపాక ఆ బిడ్డ చిన్నగా, ఒక్కటే తుమ్మాడు. బావి నుంచి వచ్చిన ఆయా, గుమ్మంలో నిలబడ్డ మొగుడు, నేను అందరం బిగుసుకుపోయి అత్త మొహం చూశాం.

"వచ్చినోడు తుమ్మితే ఏం కాదులే," అని నవ్వింది ఆమె. "పొయ్యేటోళ్ళే చూసుకోవాల."

కోడలు కోలుకున్నాక వాళ్ళు ఇంటికి పయనమైన రోజున అత్త ఆ మాట మరిచిపోలేదు. బండి కట్టించి, కోడలినీ మనవడినీ ఎక్కించి, ఆమె వసారా దగ్గరికి వచ్చింది. "అబ్బయ్యా, లోపల నిలబడొద్దు. ఈడికి రా, నాకు కనపడేటట్ల పట్టుకో."

నేను వసారా అంచున నిలబడి రెండు వేళ్ళతో ముక్కు పట్టుకున్నాను. బండి కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది, బాట మలుపు దాకా. నా పక్కన ఏదో కదలిక అనిపించి చూశాను. తెల్లకోటులో దొరసాని నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. ఆమె కూడా రెండు వేళ్ళతో తన ముక్కు గట్టిగా పట్టుకొని ఉంది.