నాయన తినే చప్పుడు

పలక మీద గోరు గీస్తే ఎవరైనా చెవులు మూసుకుంటారు. నాకు ఏమీ కాదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో చదువుకున్నదాన్ని, ఇప్పుడు బేస్తవారిపేట దగ్గర ఒక ఊళ్లో ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని. క్లాసులో పిల్లలంతా ఒక్కసారిగా అరిచినా నాకు తలనొప్పి రాదు. బస్సు హారన్లు, పెళ్లి బ్యాండ్లు, పక్కింటి మిక్సీ, ఏదైనా సరే భరిస్తాను. కానీ మా నాయన అన్నం తింటుంటే ఆ గదిలో ఒక్క నిమిషం కూర్చోలేను.

మొదటి ముద్ద ఆయన నోట్లోకి పోగానే నాకు మెడ వెనక బిగుసుకుంటుంది. రెండో ముద్దకు అరచేతుల్లో చెమట. కట్టుడు పళ్లు ఒకదానికొకటి తగిలి టక్కుమంటాయి. ఇక మజ్జిగన్నం అరచేతిలోకి తీసుకుని జుర్రడం మొదలుపెట్టాడంటే ఒళ్లంతా కోపం, చేతికందింది విసిరికొట్టాలన్నంత కోపం. ఎవరి మీద? డెబ్బై ఏళ్లు దాటి, ఇంకా రోజూ గొర్రెల వెంట కొండవార తిరుగుతూ, ఆకలేసి తింటున్న మనిషి మీద. ఆ కోపం వెనకే సిగ్గు వస్తుంది. అంత సిగ్గుపడ్డాక కూడా మర్నాడు మళ్లీ అదే కోపం.

అందుకని ఆయన పళ్లెం ముందు కూర్చోగానే నాకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. కొళాయి తిప్పేదాన్ని. ఉతికి మడిచిన బట్టలే మళ్లీ విప్పి మడిచేదాన్ని. పెరట్లోకి పోయి, ఎందుకొచ్చానో నాకే తెలియక, చీపురు తీసుకుని ఊడ్చిన చోటే ఊడ్చేదాన్ని. మా అమ్మ పోయి ఆరేళ్లయింది, ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒకరు తింటున్నప్పుడల్లా రెండోవాళ్లు మాయమవడం ఎంత తెలివితేటలతో చేయాల్సిన పనో నన్నడగండి. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు సంబంధాలు కుదరలేదనీ, ఉద్యోగం చూసుకోవాలనీ రకరకాలుగా చెప్పాను. అసలు జవాబు ఒకటే. ఒక మనిషి పక్కన కూర్చుని జీవితాంతం మూడు పూటలా తినాలి. నావల్ల కాదు.

ఇది పొగరనే అనుకున్నాను ముప్పై ఆరేళ్లు. అమ్మ కూడా అదే అనేది, "నీకు ముక్కు మీదనే ఉంటదే కోపం" అని. ఒకరోజు స్టాఫ్ రూములో తోటి టీచరు జంతికలు నములుతుంటే బయటికి పారిపోయి, వరండాలో నిలబడి ఫోన్లో వెతికాను. ఈ బాధకు ఒక పేరుందట. నాలాంటి వాళ్లు ఎక్కడెక్కడో ఉన్నారట. ఫోన్లోనే మాట్లాడి సాయం చేసే సైకాలజిస్టులు కూడా ఉన్నారట. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. ఆ వారమే ఒకావిడ దగ్గర శనివారం సాయంత్రాలకు టైము తీసుకున్నాను.

మా ఇంట్లో సిగ్నలు నిలకడగా అందేది మిద్దె మీద, నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఇయర్ ఫోన్లు పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. వీడియోలో, హైదరాబాదులో ఉన్న ఆవిడ వెనక తెల్లగోడ, ఒక మొక్క. నా వెనక ఆరేసిన దుప్పట్లు. మిమ్మల్ని ఇబ్బందిపెట్టే చప్పుళ్లన్నీ రాసి, ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేయమంది. మార్కులు వేయడం నాకు కొత్తా? చకచకా వేశాను. గడియారం టిక్కుటిక్కుకు నాలుగు, తలుపు కిర్రుమంటే ఐదు, టీచరు జంతికలకు ఏడు. నాయన పేరెత్తలేదు. కన్నతండ్రికి ఏమని మార్కులు వేస్తాం?

అప్పుడే గొర్రెల్ని తోలుకొచ్చిన నాయన, నేను మిద్దె దిగుతుంటే ఎదురొచ్చాడు.

"ఎవరితోనమ్మా చప్పుళ్లు చప్పుళ్లు అని మాట్లాడుతున్నావు?"

"డాక్టరమ్మతో నాయనా. నాకు కొన్ని చప్పుళ్లు పడడంల్యా. లోపలంతా గాబరా అయితాది."

"ఏ చప్పుడు?"

కింద దొడ్లోకి మంద దూరుతోంది. ముందు నడిచే పొట్టేలు మెడలో గంట మోగుతోంది. "అదే, ఆ గంట" అనేశాను. నోటికొచ్చిన అబద్ధం. ఆయన పొట్టేలు వంక చూసి, నా వంక చూసి, "అట్లనా" అన్నాడు.

మర్నాడు పొద్దున మంద చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. పొట్టేలు మెడలో గంట లేదు. గొర్రెలు పెంచేవాళ్లకు ఆ గంట అలంకారం కాదు. కంపచెట్ల మధ్య మంద కంటికి కనబడదు, ఏ పక్కకు మళ్లిందో గంట చెబుతుంది. వెనక గొర్రెలు కూడా దాన్ని విని నడుస్తాయి. ఇదంతా నాకు తెలుసు, ఆ ఇంట్లో పుట్టినదాన్నే. అయినా నోరు విప్పలేదు. విప్పితే నిజం చెప్పాలి. వారం రోజులపాటు ఏ చప్పుడూ లేని ఆ మందను చూసి, స్కూలుకు టైమైందని తొందర తొందరగా బస్టాపుకు పోయాను.

ఎనిమిదో రోజు కొన్ని గొర్రెలు కొండవార చీలిపోయి ఎవరిదో కందిచేనులో పడ్డాయి. ఆ చేనుగలాయన ఊరంతా వినేలా తిట్టాడు. మా నాయన తలొంచుకుని విన్నాడట. పొద్దుగూకే వేళకు కాలిలో ముల్లుతో కుంటుకుంటూ వచ్చి, చూలు గొర్రె ఒకటి కనబడలేదన్నాడు. రెండు రోజుల తర్వాత దాని కళేబరం కనబడింది. కుక్కలు పట్టుకున్నాయి.

"గంట లేక కాదులేమ్మా, నా కండ్లు సరిగ్గా ఆనడంల్యా" అని తన మీదే వేసుకున్నాడు. నేను సూదితో ఆయన పాదంలో విరిగి మిగిలిన ముల్లు ముక్క తీస్తున్నాను.

ఆ శనివారం ఫోనులో ఆవిడ ఇంకా నమస్కారం అనకముందే చెప్పేశాను. పదికి పది మా నాయన తినే చప్పుడుకేనండీ, మొదట మీకు చెప్పింది తప్పు అని. గొర్రె సంగతి కూడా చెప్పాను. నేను మంచిదాన్ని కాదన్నాను. ఆవిడ, "మంచీ చెడూ పక్కన పెడదామండీ. మీ ఒంటికి ఆ చప్పుడు ప్రమాదంలా వినిపిస్తోంది. కోపం మీరు తెచ్చుకుంటున్నది కాదు, వస్తోంది. వచ్చాక ఏం చేయాలో నేర్చుకోవచ్చు" అంది. ఫ్యాను గానీ రేడియో గానీ చిన్నగా పెట్టుకోమంది. అరికాళ్లు నేలకు ఆనించి, ఆ చల్లదనం మీద మనసు పెట్టమంది. రెండు నిమిషాలు కూర్చోండి, భరించలేకపోతే లేవండి, కానీ పారిపోవద్దు, చెప్పి లేవండి, మళ్లీ రండి అంది.

"ఎవరికి చెప్పి లేవాలండీ?" అన్నాను, తెలియనట్టు.

"మీ నాన్నగారికే" అంది.

ఆదివారం పొద్దున నాయన మందను తోలుకుపోయే ముందు తినడానికి కూర్చున్నాడు. నేను వంటింటి గడపకు ఆనుకుని నిలబడి, "పొట్టేలుకు గంట కట్టు నాయనా" అన్నాను.

"నీకు పడదు గదమ్మా?"

"గంట కాదు నాయనా. నేను అబద్ధం చెప్పినా. నువ్వు తింటావే, ఆ చప్పుడు. చిన్నప్పటి నుంచీ అంతే. నీ తప్పేంల్యా. నాకది జబ్బు మాదిరి."

ముద్ద ఆయన చేతిలోనే ఉంది. దాన్ని పళ్లెంలో పెట్టేశాడు. "తినేది గూడా తప్పయిపాయనా" అన్నాడు మెల్లగా. లేచి చేయి కడుక్కుని, గంట తెచ్చి పొట్టేలు మెడకు కట్టి, మందతో వెళ్లిపోయాడు. పళ్లెంలో అన్నం ముక్కాలు వంతు అలాగే ఉంది.

ఆ పూట నేను ఏ పనీ చేయలేకపోయాను. పొయ్యి వెలిగించి ఆర్పాను. డాక్టరమ్మ మీద కోపమొచ్చింది, హైదరాబాదులో మొక్క పక్కన కూర్చుని చెప్పడం తేలికే అనిపించింది. గడపలోకి, పెరట్లోకి పదిసార్లు తిరిగి, చివరికి క్యారియర్లో సంకటీ, పప్పూ, మజ్జిగా పెట్టుకుని నడిచాను. మిట్టమధ్యాహ్నానికి ఆయన కొండవార ఒక వేపచెట్టు కింద దొరికాడు. క్యారియర్ ముందు పెట్టి, ఎదురుగా నిలబడ్డాను.

ఆయన గొర్రెల వైపే చూస్తూ అడిగాడు.

"మీ అమ్మ ఎప్పుడన్నా నాతో కూర్చోని తినడం చూసినావా?"

"లేదు. నీకు పెట్టి, నువ్వు లేచినాక తినేది. ఆడోళ్లంతా అంతే గద నాయనా."

"నేనూ అంతే అనుకున్నా. పెండ్లయిన కొత్తలో కూర్చోమంటే పనుందనేది. పెరట్లోకి పోయేది. చీపురు పట్టుకునేది." ఆయన నా వైపు తిరిగాడు. "ఆయమ్మకూ నీ మాదిరే ఉండేదేమో. నలభై ఏండ్లు ఒక్క మాటన్నా అనలే. నేనన్నా అడగలే."

అమ్మకు అలా ఉండేదో లేదో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. ఉండి ఉంటే నా పొగరును తిట్టేటప్పుడు ఆవిడ మనసులో ఏముండేదో కూడా తెలియదు. కింద కూలబడి ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు.

కాసేపటికి క్యారియర్ మూత తీశాడు. ఆకలి మీదున్నాడు, పొద్దున సరిగ్గా తినలేదు. ముద్ద కలిపి, నోటిదాకా తీసుకుపోయి, ఆపి, నన్నడిగాడు.

"ఇప్పుడు తిననా అమ్మా, నువ్వు పోయినాక తిననా?"

"ఇప్పుడే తిను నాయనా. నేను లేస్తే, ఓర్చుకోలేక లేసినాననుకో. మళ్లీ వస్తా."

చెప్పులు విప్పి అరికాళ్లు మట్టికి ఆనించాను. మట్టి కాలుతోంది. ఆయన తినడం మొదలుపెట్టాడు. మెడ బిగుసుకుంది, చేతుల్లో చెమట పట్టింది, అన్నీ ఎప్పటిలాగే వచ్చాయి. "లేస్తున్నా నాయనా" అని చెప్పి లేచి, గొర్రెల దాకా పోయి, తిరిగొచ్చి కూర్చున్నాను. అలా నాలుగుసార్లు లేచాను. నాలుగుసార్లూ, నేను తిరిగొచ్చి కూర్చునేదాకా, ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఉన్నాడు.