ఒకేసారి లేచిన మోటర్లు

ఈ ఉదయం పొయ్యి మీద టీ పెట్టి ఫోన్ తెరిస్తే ఎవరో ఒకాయన నాకు తిట్లు పంపి ఉన్నాడు. బూతులేం కావు. చదువుకున్నవాళ్లు తిట్టే పద్ధతి వేరు కదా. నేను నెట్‌లో ఊరికే ఇచ్చే ప్రోగ్రాం కొత్త వెర్షన్ వల్ల వాళ్ల కంపెనీలో పని ఆగిపోయిందట, రేపటికల్లా సరిచేయాలట, లేకపోతే నా బాధ్యతలేనితనం గురించి లోకమంతా తెలిసేలా రాస్తాడట. మొదట నమస్కారం లేదు, చివర పేరు లేదు. ఆయన నాకు జీతం ఇవ్వడు, నేను ఆయన దగ్గర పనికి కుదరలేదు. చదివేలోపు టీ పొంగి పొయ్యి నిండా పడింది. అది తుడుస్తూ ఆయన్నీ, ఆయనకు ఇంగ్లీషు నేర్పిన పంతులునూ కలిపి తిట్టుకున్నాను. డ్యూటీకి బయలుదేరుతున్న మా ఆయన "మల్ల ఎవలు?" అని అడిగి, జవాబు వినకుండానే చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. ఆయనకు అలవాటైపోయింది. నాకు మాత్రం ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు.

నేను మంచిర్యాలలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెబుతాను. మా ఆయన బొగ్గుబాయిలో పనిచేస్తాడు కాబట్టి నస్పూర్‌లో కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. వంటకూ కాలేజీకీ మధ్య మిగిలిన పొద్దులో నేను ఒక కంపైలర్‌ను చూసుకుంటాను. మిక్సీలో, బట్టల మిషన్‌లో, పొలం మోటరు డబ్బాలో గోరంత చిప్ ఒకటి ఉంటుంది. మనిషి తనకు అర్థమయ్యే మాటల్లో రాసుకున్న ప్రోగ్రాంను ఆ చిప్‌కు అర్థమయ్యే అంకెల్లోకి మార్చి ఇచ్చేదే కంపైలర్. నాది ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చు, కావాలంటే మార్చుకోవచ్చు. నాకంటే ముందు ఏదో చలిదేశంలో ఒక పెద్దాయన దీన్ని చూసేవాడు. చూపు తగ్గాక, నేను ఓపికగలదాన్నని నమ్మి నాకు అప్పజెప్పాడు. మా అవ్వను ఒక్క మాట అడిగి ఉంటే ఆ నమ్మకం అక్కడే పోయేది. మా అత్త మాత్రం చుట్టాలతో "మా కోడలు కంప్యూటర్ల ఏదో ధర్మానికి జేస్తది" అని చెబుతుంది, నేనేదో చలివేంద్రం నడుపుతున్నట్టు. చలివేంద్రంలో నీళ్లు తాగి, గ్లాసు చిన్నదని నీళ్లు పోసినామె మీదికి వెళ్లేవాళ్లను నేనెక్కడా చూడలేదు. ఈ పనిలో రోజూ చూస్తాను.

ఇవాళ తిట్టినాయన బాధేమిటంటే, ప్రోగ్రాంలో వట్టిగా అంకెలు లెక్కపెడుతూ కాలక్షేపం చేసే భాగం ఉంటే నా కంపైలర్ ముందుకు కదలనంటుందట. అవును, కదలదు. కదలకుండా చేసింది నేనే. ఎందుకు చేశానో చెప్పాలంటే మా అన్న గురించి చెప్పాలి. ఆ పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అన్న కరీంనగర్‌లో మోటరు ఆటో డబ్బాలు తయారుచేస్తాడు. పొలం దగ్గర కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు రైతు పరిగెత్తనక్కర లేకుండా మోటరును తనంతట తానే లేపేది ఆటో. దానితో వచ్చిన చిక్కు మా దిక్కు అందరికీ తెలుసు. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ఆ బరువు మోయలేక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. ఆటోలు తీసేయమని కరెంటువాళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. ఒక్కరూ తీయలేదు. ముందు పక్కవాడు తీస్తే తర్వాత నేను తీస్తానని ప్రతివాడూ అన్నాడు. అప్పుడు మా అన్నకు మంచి ఆలోచన వచ్చింది. అది మంచిదని కోపంలో కూడా ఒప్పుకుంటాను. ఒక్కో డబ్బా ఒక్కో వ్యవధి ఆగి మోటరును లేపాలి. ఒకటి లేచి కుదురుకున్నాక ఇంకొకటి లేవాలి. మనుషులు పాటించని వంతును డబ్బాలతో పాటింపజేయాలన్నమాట. ఊళ్లకు ఊళ్లే ఆయన డబ్బాలు కొన్నాయి, మా బాపు చుట్టాల పెళ్లిళ్లలో కొడుకు గురించి చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఆలోచన మంచిదే కానీ చేతిపని బద్ధకపుది. ఆగడానికి చిప్‌లో టైమర్ అని గడియారం లాంటిది ప్రత్యేకంగా ఉంటుంది. దాన్ని వాడడం నేర్చుకోకుండా, మా అన్న చిప్‌ను వట్టిగా అంకెలు లెక్కపెట్టమన్నాడు. ఒక డబ్బాకు తక్కువ లెక్క, ఇంకో డబ్బాకు ఎక్కువ లెక్క. ఆ లెక్కతో ఎవరికీ పనిలేదు, అయ్యేలోపు కాస్త పొద్దు గడుస్తుంది, అంతే. ఆయన వాడేది నా కంపైలరే, పాత వెర్షన్లలో అది సాగింది. చిప్‌లో చోటు చాలా తక్కువ కాబట్టి ఫలితం లేని పనిని తీసిపారేయమని వాడేవాళ్లు ఏళ్ల తరబడి అడిగారు, కొత్త వెర్షన్‌లో తీసేశాను. దొంగతనంగా తీసేయలేదు. వెర్షన్‌తో పాటు ఇచ్చే వివరంలో మొట్టమొదటి మాటగా రాశాను. అలాంటి లెక్క కనిపించిన ప్రతిసారీ, ఇది తీసేస్తున్నాను చూసుకోండి అని తెర మీద పసుపు రంగులో హెచ్చరిక వచ్చేలా చేశాను. మా అన్న కొత్త వెర్షన్‌తో డబ్బాలు చేసి, ఒకదాన్ని బల్ల మీద పెట్టి మోటరు తగిలించి చూశాడు. లేచింది. ఒక్కటే ఉన్నప్పుడు ఏ డబ్బా అయినా బాగానే లేస్తుంది.

ఆ డబ్బాలన్నీ హుస్నాబాద్ దగ్గర ఒక ఊళ్లో, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద బిగించారు. ఎండాకాలంలో కోతకొచ్చే యాసంగి వరి పొట్టకొచ్చిన కాలం. కరెంటు పోయి వచ్చింది, ఆపే లెక్క పోయినందువల్ల మోటర్లన్నీ కలిసి లేచాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. రైతులు దాన్ని ట్రాక్టర్ మీద వేసుకొని బాగుచేయించడానికి తిరిగారు, తెచ్చి ఎక్కించారు. మళ్లీ కరెంటు పోయి వచ్చింది, మళ్లీ కాలింది. ఈ తిరుగుళ్లలో ఎండలు ముదిరాయి, పొలాలకు నీళ్లు లేవు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్న మా ఇంటికి వచ్చాడు. సిఫారసుకు బాపును కూడా కారులో ఎక్కించుకొచ్చాడు. అన్నం తినమంటే తినలేదు, కూర్చోమంటే కూర్చోలేదు.

"చెల్లె, ఒక్క మాట రాయి సాలు. కొత్త వెర్షన్ల తప్పున్నది, సరిజేస్తున్నం అని. గది నీ పేరు మీద నెట్ల కనవడితె ఊరోళ్లకు సూపిస్త. నన్ను ఇడిచిపెడ్తరు."

"లేని తప్పు ఉన్నదని ఎట్ల రాయాలె అన్నా? తీసేస్తున్నమని తెర మీద సూపెట్టిన గదా. నువ్వెందుకు సూడలే?"

"గా పసుపు గీతలు బంద్ వెట్టిన. గిరాకొచ్చినప్పుడు తెర నిండ గవే కనవడితె గిదేదో లొట్టపీసు డబ్బ అనుకుంటరు."

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి, కోపమే గెలిచింది. గట్టిగానే అరిచాను. పక్క క్వార్టర్ వాళ్లు టీవీ ఆపేసి విన్నారు. ఆయన తగ్గలేదు. "రాస్తె ఏమైతది? నిన్ను కొలువులకెల్లి తీసేస్తరా? పైసా రాని పనాయె. గా పనికోసం సొంత అన్నను ఆగం జేస్తవా?" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు. జీతం లేని పనిలో మాట కూడా ఊరికే వస్తుందనుకున్నాడు. నేను తప్పని రాస్తే, ఎక్కడెక్కడో ఈ కంపైలర్ వాడేవాళ్లు అది నమ్మి, తమ ప్రోగ్రాంలలో ఉన్న ఇదే పొరపాటును వెతకడం మానేస్తారు. నేను రాసే వివరం నిజమని నమ్ముతారు కాబట్టే వాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. అది పోతే నా దగ్గర ఇంకేముంది?

బాపు మెల్లగా "బిడ్డా, జర అన్న దిక్కు సూడు. ఊరోళ్లు ఇంటి మీదికొస్తుండ్రు" అన్నాడు. బాపు తన వయసంతా బొగ్గుబాయిలో గడిపినవాడు. "బాపూ, బాయిల గ్యాసున్నదని దీపం మంట మారి సూపెడితె, నువ్వు దీపం మీద తువ్వాల కప్పి లోపలికి పోయినవా?" అన్నాను. బాపు మంచినీళ్లు తాగి, లేచి కారు దగ్గరికి నడిచాడు.

తప్పని రాయనన్నాను. డబ్బాల్లో ప్రోగ్రాంను టైమర్‌తో మార్చి, నేనే వచ్చి ఎక్కిస్తానన్నాను. కాలేజీకి సెలవు పెట్టి అన్న కారులోనే ఆ ఊరికి వెళ్లాను. పొలాల గట్ల మీద కట్టెకు బిగించిన డబ్బాలను ఒక్కొక్కటే విప్పి, లాప్‌టాప్ తగిలించి ప్రోగ్రాం మారుస్తుంటే రైతులు చుట్టూ చేరారు. నేను రాకముందే, తప్పు కంపైలర్‌దనీ అది చేసింది తన చెల్లెలేననీ అన్న వాళ్లకు చెప్పి ఉంచాడు. వాళ్లలో ఒకామె ముందుకొచ్చింది. భర్త దుబాయిలో ఉంటే పొలం తానొక్కతే చేసుకుంటున్న మనిషి.

"తీసేసింది నువ్వేనా బిడ్డా?"

నేను అన్న వైపు చూశాను. ఆయన రెండోసారి బాగుచేయించి ఎక్కించిన ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తున్నాడు. "నేనే తీసేసిన. చెప్పి తీసేసిన. చెప్పింది కనవడకుంట మూసింది మా అన్న" అని అందరికీ వినపడేలా చెప్పాను. అన్న తల దించుకున్నాడు. అబద్ధం చెప్పను, నాకు ఆ క్షణం హాయిగా అనిపించింది.

ఆమెకు హాయిగా లేదు. "నువ్వు మీ అన్నకు జెప్పినవు. మీ అన్న మూసిండు. మంచిగనే ఉన్నది మీ అన్నాచెల్లెండ్ల ముచ్చట. మాకెవలు జెప్పిండ్రు? దా, సూద్దువు దా" అని నా చెయ్యి పట్టి గట్టు మీద లాక్కుపోయింది. మడి నీళ్లు లేక పర్రెలు పడి ఉంది. పొట్టలోని కంకి బయటికి రాకుండానే వరి ఎండిపోయింది. ఆమె ఒక వరి కర్రను చీల్చి, లోపల తెల్లగా ఎండిన కంకిని నా అరచేతిలో పెట్టింది. "మా ఆయన వీడియోల పొలం సూపెట్టుమంటడు. గిది సూపెట్టలేక ఫోనే ఎత్తుతలేను" అంది.

నా తప్పు కాదని అప్పుడు అనుకున్నాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ గట్టు మీద ఆ మాట అనకుండా, వెనక్కి నడిచి మిగిలిన డబ్బాలు విప్పాను. సాయంత్రం లైన్‌మన్ కరెంటు ఇచ్చినప్పుడు మోటర్లు ఒకదాని తర్వాత ఒకటి లేచాయి. ఎవరూ సంతోషపడలేదు. ఇంటికొచ్చాక, అలాంటి లెక్క కనిపిస్తే హెచ్చరించి ఊరుకోకుండా పూర్తిగా ఆగిపోయేలా కంపైలర్‌ను మార్చాను. బంద్ పెట్టుకోవడానికి దారి లేకుండా చేశాను. ఎవరు తిట్టినా సరే.

అన్న ఇప్పటికీ కంపైలర్‌దే తప్పంటాడు. రాఖీకి ఆయన పిలవడు, నేను పోను. కనబడితే ఈ మాటలన్నీ మొహం మీదే మళ్లీ అనగలను, అంత కోపం ఇంకా మిగిలే ఉంది. మరుసటి యాసంగికి ఆమె పొలం బాగా పండిందని ఎవరో చెబితే విన్నాను, సంతోషించాను. కానీ ఆ పంట ఆ ఏటిది. ఎండిపోయిన ఏడాది ఎండినట్టే వెనక ఉండిపోయింది, దానికి నీళ్లు పెట్టగల మోటరు ఎక్కడా లేదు.