పరాయి పడవ ముందు గంప

మా అమ్మాయిది పదో తరగతి. దాని చదువునీ కళ్ళనీ ఆ దిక్కుమాలిన ఫోను తినేస్తోందని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. గాజువాకలో దాని ట్యూషన్ మాస్టారికి మాత్రం ఫోనంటే మహా ముద్దు. ఆయన బోర్డు మీద లెక్క రాసేయడం, పిల్లలు ఫోటో తీసుకోవడం, ఇంటికొచ్చి నోట్సులో ఎక్కించుకోవడం. అక్కడే రాసుకోడానికి చేతులకేం రోగమని అడిగితే, కాలం మారిందమ్మా అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లెక్క కోసం తెరిచిన ఫోను రీల్స్ దగ్గర ఆగుతుందని ఆ మహానుభావుడికి తెలీదా?

ఆదివారాలు భీమిలిలో మా నాన్న దగ్గరికి వెళ్తాం. ఆయన ఇప్పటికీ వేటకెళ్తాడు. మా వాళ్ళలో పడవ ఒడ్డు తగిలేలోపే ఆ ఇంటి ఆడవాళ్ళు గంపతో నీళ్ళ అంచున నిలబడాలి. పరాయి పడవ ముందు గంప పెడితే వాళ్ళ చేపలకి ఆశపడ్డట్టే, తల కొట్టేసినట్టవుతుంది. చిన్నప్పుడు మా పిల్ల ఎంతో దూరం నుంచి పడవ మీది జెండా రంగు చూసి, అందరికంటే ముందు తాత పడవని పట్టేసేది.

మొన్నామధ్య గంప తనే అందుకుంది. ఫోను వదిలింది కదా అని సంబరపడ్డాను. తిన్నగా వెళ్ళి ఎవరి పడవ ముందో గంప పెట్టింది. ఆ పడవ తాలూకు ఆవిడ, మీ ఇంట్లో చేపల్లేవా అని అందరి ముందూ దులిపేసింది. వెనకాలే ఒడ్డుకి చేరిన నాన్న పిల్ల మొహంలోకి చూశాడు.

“ఏటమ్మా, నా జెండా నీకు కనపడ్నేదా?”

“బోర్డు కూడా కనపడ్డం లేదు తాతా. అందుకే ఫోటోలు తీత్తన్నాను.”

చెప్తే ఫోను లాక్కుంటానని దాచిందట. లాక్కునేదాన్నే, సముద్రంలో గిరాటేసేదాన్ని కూడా.

డాక్టరు కళ్ళజోడు రాశాడు. పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టి చేత్తోనే రాయించాలని మాస్టారితో పోట్లాడాను. కళ్ళజోడు వచ్చేసింది కదమ్మా, ఇంకేం బాధ అన్నాడు. అతని మొహం చూడబుద్ధి కాలేదు.

తర్వాతి ఆదివారం అది కళ్ళజోడు పెట్టుకుని ఒడ్డున నిలబడింది. చాలాసేపు సముద్రం వైపే చూసింది.

“అమ్మా, ఇన్ని పడవలూ ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాయేటి?”

ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. గంప దాని చేతికిచ్చాను.